ఆ కోట కప్పు విప్పిందెవరు?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఉద్యోగరీత్యా స్కాట్లాండ్‌లో, అబర్డీన్‌లో ఉంటోంది. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు స్టోన్‌హేవెన్ దగ్గరున్న డన్నాటర్ కోటకు తీసుకెళ్లింది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ, దాని మీద ఎన్నో కట్టడాలు. గోడలు నిలబడే ఉన్నాయి గానీ దాదాపు దేనికీ పైకప్పు లేదు. కీత్ అనే కుటుంబం కోట అని మాత్రం అర్థమైంది. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ ఫిరంగులు పెట్టి కూల్చాడని మా అల్లుడు, పట్టించుకునేవాళ్లు లేక అదే పడిపోయిందని మావారు. ఇంటికొచ్చాక కూడా వాదన తెగలేదు. ఏది నిజం?

జవాబు: అమ్మా, ఆ కోట మీద పడ్డ దెబ్బల్లో క్రామ్‌వెల్ సైన్యానికీ వాటా ఉంది, సముద్రపు గాలికీ ఉంది. కానీ మీరు అడిగింది పైకప్పు సంగతి. దాన్ని విప్పింది ఒక కంపెనీ. యుద్ధం చేసి కాదు, ప్రభుత్వం అమ్మితే డబ్బిచ్చి కొనుక్కుని మరీ విప్పింది. కోట ఆ కంపెనీ చేతికి ఎలా వెళ్లిందో తెలియాలంటే కీత్‌ల కథ మొదటినుంచీ చెప్పాలి. జవాబు కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు దిగి ఎక్కిన దారి గుర్తుండే ఉంటుంది. ఒడ్డు మీదినుంచి మెట్లు దిగి దాదాపు నీటి దాకా వెళ్లి, మళ్లీ నిట్టనిలువునా ఎక్కితే గానీ కోట ద్వారం రాదు. ఎక్కేటప్పుడు పక్కనున్న రాతిని చేత్తో తడిమి చూశారా? గుడ్డంత, పిడికిలంత, కొన్నిచోట్ల తలకాయంత నున్నటి గులకరాళ్లు ఎర్రటి మట్టిలో పొదిగినట్టు ఉంటాయి. 40 కోట్ల ఏళ్లకు పైబడిన నాటి నదులు దొర్లించుకొచ్చిన రాళ్లవి. అవే గట్టిపడి 50 మీటర్ల ఎత్తు కొండ అయ్యాయి. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు సన్నటి మెడలాంటి నేల. కోట కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అందుకే కీత్‌లు రాకముందే ఈ చోటు కోసం కొట్టుకున్నారు. ఇక్కడి కోటను 681లో ఒకసారి, 694లో ఒకసారి ముట్టడించినట్టు ఐర్లాండ్ వార్షిక గ్రంథాల్లో ఉంది. 900లో రెండో డొనాల్డ్ రాజు వైకింగుల చేతిలో ఇక్కడే చనిపోయాడు.

కీత్‌లది మారిషల్ పదవి. రాజుగారి గుర్రపు దళం, పార్లమెంటు జరిగేటప్పుడు రాజుకు రక్షణ, కిరీటం వంటి రాజచిహ్నాల భద్రత వాళ్ల బాధ్యత. అది వంశపారంపర్యంగా వచ్చింది. 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో గుర్రపు దళాన్ని నడిపింది సర్ రాబర్ట్ కీత్. ఆ వంశంలోని సర్ విలియం కీత్ 1390ల్లో డన్నాటర్ మీద కోట కట్టడం మొదలుపెట్టాడు. మీరు చూసిన నాలుగంతస్తుల మోడు బురుజు ఆయన కట్టించిందే. అయితే కొండ మీద అప్పటికే చర్చి ఉంది, అది పవిత్రం చేసిన నేల. అక్కడ కోట కట్టినందుకు ఆయన్ను మతం నుంచి వెలేశారు. ఆయన ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఉన్న పోప్ 13వ బెనెడిక్ట్‌కు మొరపెట్టుకున్నాడు. రోజులు బాగాలేవు, ఇలాంటి బలమైన చోటు కావాల్సి వచ్చింది, చర్చికి పరిహారం ఇచ్చుకుంటాను అన్నాడు. 1395లో వెలి ఎత్తేశారు. బురుజు ఉండిపోయింది.

తర్వాత 1458లో ఎర్ల్ అనే ప్రభువుల హోదా వచ్చింది. అప్పట్నుంచి ఇంటి పెద్దను ఎర్ల్ మారిషల్ అన్నారు. వాళ్లందరిలో నాకు ఇష్టమైనవాడు ఐదో ఎర్ల్, జార్జ్ కీత్. రాజు ఆరో జేమ్స్ తరఫున 1589లో డెన్మార్క్ వెళ్లి, రాజు బదులు తానే నిలబడి పెళ్లితంతు జరిపించి వచ్చినవాడు. 1593లో అబర్డీన్‌లో మారిషల్ కాలేజీ పెట్టాడు. మీ అమ్మాయి రోజూ దాని ముందునుంచే వెళ్తుండవచ్చు. ఆయన మాటగా ఆ కాలేజీకి ఒక వాక్యం నిలిచిపోయింది. తెలుగులో చెప్పాలంటే, 'వాళ్లు అన్నారు. ఏమన్నారు? అననీ.' డన్నాటర్‌లో నాలుగు వైపులా గదులు, మధ్యలో పెద్ద నీళ్ల తొట్టి ఉన్న భాగం చూశారు కదా, అది ప్రధానంగా ఈయన కాలానిది. పాత బురుజులో ఉన్నది సైనికుడి కాపురం. ఇక్కడ పొడవాటి హాలు, పెద్ద కిటికీలు, సముద్రం చూస్తూ కూర్చునే గదులు. కోట కాస్తా భవనం అయింది.

ఇక మీ అల్లుడిగారి వాదన. 1651 సెప్టెంబరు నుంచి క్రామ్‌వెల్ సైన్యం కోటను చుట్టుముట్టింది. అప్పటికి ఎర్ల్ వాళ్లకే బందీ. లోపల ఉన్నది గవర్నర్ జార్జ్ ఓగిల్వీ, డెబ్బై మంది దాకా మనుషులు. చలికాలమంతా నిలబడ్డారు. 1652 మేలో పెద్ద ఫిరంగులు వచ్చాయి. పది రోజులు కొట్టాక, మే 24న లొంగిపోయారు. నష్టం జరిగింది, నిజమే. కానీ కోట చావలేదు. 1685లో ప్రభుత్వమే దాన్ని జైలుగా వాడింది. అంటే అప్పటికి తలుపులు, తాళాలు, కప్పులు అన్నీ ఉన్నాయి. మీ అల్లుడిగారికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

అసలు దెబ్బ 1715లో పడింది. ఇరవై ఒకటి రెండేళ్ల కుర్రాడు, పదో ఎర్ల్, ఈయన పేరూ జార్జ్ కీతే. సింహాసనం హనోవర్ వంశానిది కాదు, స్టువర్ట్ రాజుదే అని నమ్మి జాకబైట్ తిరుగుబాటులో దిగాడు. తమ్ముడు జేమ్స్ కూడా వెంట నడిచాడు. షెరిఫ్‌మ్యూర్‌లో యుద్ధం చేశారు. ఆ శీతాకాలంలో సముద్రం దాటి వచ్చిన స్టువర్ట్ వారసుడు బస చేసింది కూడా స్టోన్‌హేవెన్ పక్కనే కీత్‌ల మరో ఇంట్లో, ఫెటెరెస్సోలో. తిరుగుబాటు విఫలమైంది. వారసుడు పడవెక్కి వెళ్లిపోయాడు, అన్నదమ్ములూ దేశం విడిచిపోయారు. ఎర్ల్‌ను ద్రోహిగా ప్రకటించి హోదా, భూములు, కోటలు అన్నీ జప్తు చేశారు.

జప్తు చేసిన ఆస్తులు కొనడానికి ముందుకొచ్చింది యార్క్ బిల్డింగ్స్ కంపెనీ. ఇది మొదట లండన్‌లో ఇళ్లకు నీళ్లు సరఫరా చేయడానికి పెట్టిన కంపెనీ. తర్వాత తిరుగుబాటుదారుల ఎస్టేట్లు కొనే వ్యాపారంలోకి దిగింది. దానికి డన్నాటర్‌లో సర్ విలియం బురుజూ కనబడలేదు, ఐదో ఎర్ల్ హాలూ కనబడలేదు. కలప కనబడింది. అంతస్తుల నేలలు, పైకప్పులు ఊడదీశారు. మూడు వందల ఏళ్లు ఒక కుటుంబం పెంచుకుంటూ వచ్చిన ఇల్లు అలా బోడి గోడలు అయింది. కప్పు పోయాక మిగిలిన పని వాన చేసింది. మీవారు చెప్పింది ఇక్కడినుంచి నిజం.

అన్నదమ్ముల సంగతి చెప్పకుండా ఆపలేను. తమ్ముడు జేమ్స్ జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రాజు రెండో ఫ్రెడరిక్ దగ్గర ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. 1758లో హోక్‌కిర్ష్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన విగ్రహాన్ని ప్రష్యా రాజు తర్వాతి రోజుల్లో స్కాట్లాండ్‌లోని పీటర్‌హెడ్ ఊరికి కానుకగా ఇచ్చాడు, ఇప్పటికీ అక్కడుంది. అన్న ప్రష్యా తరఫున పారిస్‌లో రాయబారిగా, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌కు గవర్నర్‌గా పనిచేశాడు. తత్వవేత్త రూసో అక్కడ తలదాచుకున్నప్పుడు ఆదరించింది ఈయనే. 1759లో బ్రిటన్ రాజు క్షమాభిక్ష ఇచ్చాడు. దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో స్వదేశానికి వచ్చాడు. కొన్ని భూముల్ని తిరిగి కొన్నాడు, వాటిలో డన్నాటర్ కూడా ఉంది. కానీ కప్పు లేని కోటలో ఎవరుంటారు? కొన్నేళ్లకే దాన్ని కీత్ ఇంటిపేరే ఉన్న ఒక ఎడిన్‌బరో లాయరుకు అమ్మేసి ప్రష్యాలోని పోట్స్‌డామ్ తిరిగి వెళ్లిపోయాడు. 1778లో అక్కడే పోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఎర్ల్ మారిషల్ అన్న పేరు ఆయనతోనే ఆగిపోయింది.

మీరు అక్కడ కప్పు ఉన్న ఒక గది చూసి ఉంటారు, చెక్కిన ఓక్ కలప సీలింగ్‌తో. అది పాతది కాదు. కోట కౌడ్రే కుటుంబం చేతికి వచ్చాక 1920ల్లో లేడీ కౌడ్రే మరమ్మతులు చేయించినప్పుడు వేయించింది. ఆ గదిలో కాసేపు నిలబడితే మిగతా కోట ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహకు అందుతుంది. పక్క గదిలోకి అడుగుపెట్టి తలెత్తితే ఆకాశం. నాకు ఆ గుమ్మం దగ్గరే గుండె పట్టేసినట్టయింది.

ప్రశ్న: స్కాట్లాండ్ కిరీటాన్ని ఒక పాస్టరుగారి భార్య ఈ కోటలోంచి దొంగచాటుగా బయటకు తెచ్చిందని విన్నాను. కథేనా, జరిగిందా?

జవాబు: జరిగింది. ఎలా తెచ్చారన్నదాంట్లో రెండు మాటలున్నాయి గానీ తెచ్చిన మాట, దాచిన మాట నిజం.

క్రామ్‌వెల్ ఎడిన్‌బరోను పట్టుకున్నాక కిరీటం, రాజదండం, ఖడ్గం డన్నాటర్ చేరాయి. వాటి భద్రత కీత్‌ల బాధ్యతే కదా. ఇంగ్లండ్ రాజచిహ్నాలను క్రామ్‌వెల్ పక్షం అప్పటికే కరిగించేసింది. వీటికీ అదే గతి పట్టేది. ముట్టడి బిగుస్తుంటే కోటలో ఉన్నవాళ్లకు దిక్కు తోచలేదు. అప్పుడు ముందుకొచ్చింది క్రిస్టియన్ ఫ్లెచర్. కిన్నెఫ్ అనే పల్లెలో చర్చి పాస్టరు జేమ్స్ గ్రేంజర్ భార్య. డన్నాటర్‌కు దక్షిణంగా కొన్ని మైళ్ల దూరం ఆ పల్లె. ఓగిల్వీ భార్యను చూడటానికి వచ్చిపోతున్నట్టుగా శత్రువుల కళ్ల ముందునుంచే మూటల్లో దాచి తీసుకెళ్లిందని ఒక మాట. కోట గోడ మీదినుంచి తాడుతో దించితే, కింద సముద్రపు నాచు ఏరుకుంటున్నట్టు నటించిన పనిమనిషి బుట్టలో వేసుకెళ్లిందని ఇంకో మాట. ఎవరి పక్షం వాళ్లు తర్వాత తమ ఘనతే అని చెప్పుకున్నారు. నా మటుకు నాకు క్రిస్టియన్ మాటే సబబుగా తోస్తుంది. ఎందుకంటే చివరికి ఆ మూడూ చేరింది ఆమె ఇంటికే.

మొదట వాటిని ఇంట్లో మంచం అడుగున పెట్టారు. తర్వాత ఒక రాత్రి చర్చిలో పూడ్చారు. ఎక్కడ పూడ్చిందీ పాస్టరుగారు 1652 మార్చి 31న ఎర్ల్ తల్లికి రాసి పంపాడు. తనకేమైనా అయితే ఇంకొకరికి తెలియాలి కదా. ప్రసంగవేదిక ముందున్న బండను ఎత్తి, కింద గొయ్యి తీసి, కిరీటం, దండం పెట్టి, మట్టి కప్పి, బండను ఎప్పటిలాగే పరిచాడు. మిగిలిన మట్టిని కూడా ఎత్తి పారేశాడు, ఎవరికీ అనుమానం రాకూడదని. ఖడ్గాన్ని పడమటి చివర జనం కూర్చునే రెండు బెంచీల మధ్య పాతాడు. మిగిలిన మట్టి ఎత్తి పారేశానని కూడా ఉత్తరంలో రాశాడు చూడండి, నాకు ఆ మనిషి మీద గౌరవం అంతా అక్కడే కలిగింది. మొగుడూ పెళ్లాం అప్పుడప్పుడు రాత్రిపూట తవ్వి తీసి, చెమ్మ పట్టకుండా ఆరబెట్టి మళ్లీ పూడ్చేవాళ్లు. ఆదివారం ఆదివారం జనం వచ్చి వాటి మీదే కూర్చుని ప్రార్థన చేసి వెళ్లారు. అలా 1660 దాకా, ఎనిమిదేళ్లకు పైగా!

కోటలో రాజచిహ్నాలు దొరక్కపోయేసరికి ఓగిల్వీని, భార్య ఎలిజబెత్ డగ్లస్‌ను ఖైదులో పెట్టి హింసించారు. ఇద్దరూ నోరు విప్పలేదు. ఆమె ఆ బాధలతోనే పోయింది. 1660లో రాజు రెండో చార్లెస్ తిరిగి వచ్చాక ఓగిల్వీకి బారొనెట్ అనే బిరుదు ఇచ్చారు. యుద్ధమప్పుడు విదేశంలో ఉన్న ఎర్ల్ తమ్ముడు జాన్ కీత్‌కు ఏకంగా కింటోర్ ఎర్ల్ పదవి దక్కింది. కిరీటాన్ని తానే ఫ్రాన్స్‌కు తీసుకెళ్లానని ఆయన చెప్పడంతో వెతకడం ఆగిందట, అది సాయమే. కానీ గొయ్యి తవ్వింది, ఆరబెట్టింది ఎవరు? క్రిస్టియన్‌కు పార్లమెంటు రెండు వేల మెర్కులు (అప్పటి స్కాట్లాండ్ డబ్బు) ప్రకటించింది, అంతే. పంపకం న్యాయంగా జరగలేదని నా అభిప్రాయం.

ఈ కిరీటం, దండం, ఖడ్గం ఇప్పుడు ఎడిన్‌బరో కోటలో ఉన్నాయి. 1707లో రెండు దేశాల పార్లమెంట్లు ఒకటయ్యాక ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి మరిచిపోతే, 1818లో రచయిత వాల్టర్ స్కాట్ చొరవతో తెరిచారు. 2022లో రాణి ఎలిజబెత్ శవపేటిక మీద ఎడిన్‌బరోలో పెట్టిన కిరీటం ఇదే. టీవీలో చూసినప్పుడు నాకు రాణి కంటే ముందు కిన్నెఫ్ చర్చి గుర్తొచ్చింది. ఇప్పుడున్న చర్చి భవనం 1738లో మళ్లీ కట్టింది, లోపల గ్రేంజర్ దంపతుల స్మారకం ఉంది. నేను వెళ్లిన రోజు అక్కడ ఇంకెవరూ లేరు. వేదిక ముందు నేల మీద అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ప్రశ్న: డన్నాటర్‌లో సముద్రం వైపు ఒక చీకటి గది ఉంది, మా పిల్లవాడు లోపలికి రానంటే రానన్నాడు. దాని కథేమిటి?

జవాబు: మీ అబ్బాయిని తప్పు పట్టలేను. దాన్ని విగ్గుల వాల్ట్ అంటారు. విగ్గులంటే తలకు పెట్టుకునేవి కాదు, రాజు మతం మీద పెత్తనం చేయడాన్ని ఒప్పుకోని కవెనాంటర్లకు ప్రత్యర్థులు పెట్టిన పేరు. 1685 మేలో 167 మందిని, అంటే 122 మంది మగవాళ్లను, 45 మంది ఆడవాళ్లను ఇక్కడికి తోలుకొచ్చారు. రాజే చర్చికి పెద్ద అని ప్రమాణం చేయనన్నదే వాళ్ల నేరం.

ఆ గదిని నేను అంగలతో కొలిచాను. పొడవు ఇరవై అంగలేస్తే గోడ తగులుతుంది, వెడల్పు ఐదారు అంగలే. అందులో మొదట అందర్నీ కుక్కారు. నేల బురద, కూర్చోవడానికి చోటు లేదు. నీళ్లక్కూడా డబ్బు అడిగారు. గోడ అడుగున ఉన్న చిన్న సందు దగ్గర వంతులవారీగా పడుకుని గాలి పీల్చుకున్నారు. పాతిక మంది సముద్రం వైపు కిటికీలోంచి బయటపడి రాతి అంచు పట్టుకుని దిగే ప్రయత్నం చేశారు. కొందరు జారిపడి చనిపోయారు, చాలామంది దొరికిపోయారు. దొరికినవాళ్ల వేళ్ల మధ్య మండే వత్తులు పెట్టి హింసించారు. వేసవి చివరికి, ప్రమాణం చేసినవాళ్లను వదిలేసి మిగతావాళ్లను అమెరికాలోని న్యూజెర్సీకి ఓడెక్కించారు. ఆ ప్రయాణంలో జ్వరంతో పోయినవాళ్లు డెబ్బై మంది దాకా ఉంటారు.

కోటలో చనిపోయినవాళ్ల పేర్లతో డన్నాటర్ చర్చి ఆవరణలో ఒక రాయి ఉంది, కోటకు కొద్ది దూరమే. 1793లో ఒక ముసలాయన ఆ రాతి మీద అరిగిపోతున్న అక్షరాల్ని ఉలితో మళ్లీ చెక్కుతుండగా వాల్టర్ స్కాట్ చూశాడు. ఆయన పేరు రాబర్ట్ పేటర్సన్. ఊరూరా తిరిగి కవెనాంటర్ల సమాధులు శుభ్రం చేయడమే ఆయన పెట్టుకున్న పని. మీరు మళ్లీ వెళ్తే పిల్లవాణ్ని ఆ గదికి కాదు, ఈ రాయి దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇంగ్లండ్ మీద పోరాడిన స్కాట్లాండ్ వీరుడు విలియం వాలెస్ 1297లో డన్నాటర్ చర్చిలో నాలుగు వేల మంది ఇంగ్లిష్ సైనికుల్ని తగలబెట్టాడంటారు. నిజమా?

జవాబు: ఆ లెక్క వచ్చింది బ్లైండ్ హ్యారీ అనే కవి రాసిన కావ్యంలోంచి. అది ఘటనకు సుమారు 180 ఏళ్ల తర్వాత రాసింది. కొండ మీది చిన్న చర్చిలో నాలుగు వేల మంది నిలబడటానికే చోటు చాలదు. వాలెస్ ఆ చోటును పట్టుకుని ఉండవచ్చు, ఆ అంకెను మాత్రం కవిత్వం కిందే తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. డన్నాటర్‌కు తీసుకెళ్లవచ్చా?

జవాబు: కోట లోపలికి వద్దు. పోనూ రానూ మెట్లే, రెండు వందలకు పైగా ఉంటాయి, వాన పడితే జారతాయి. కానీ ఒడ్డు మీది బాట నుంచే కోట మొత్తం కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే లోపలికంటే అక్కడినుంచే బాగుంటుంది. కారు దిగి నెమ్మదిగా నడిస్తే చాలు, ఆయన్ను అక్కడ కూర్చోబెట్టి మీరు వంతులవారీగా వెళ్లి రండి. బయల్దేరే ముందు కోట తెరిచారో లేదో కనుక్కోండి. గాలి తీవ్రంగా ఉన్న రోజు గేటు వేసేస్తారు. నేను మొదటిసారి వెళ్లింది అలాంటి రోజే. మర్నాడు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. దళసరి కోటు తప్పనిసరి, వేసవి అయినా సరే.